ఒకే కిటికీ, ఎన్నో కొలతలు: రెవిట్ ఫ్యామిలీ ఎడిటర్‌తో నా ఎనిమిది నెలలు

విజయవాడ దగ్గర కానూరులో ఒక ఇంటి పని. జీ ప్లస్ టూ, అంతస్తుకు ఏడు కిటికీలు. ప్లాన్ ఖాయమై పునాదులు కూడా లేచాక ఇంటావిడ ఫోన్ చేసి, "అమ్మా, బెడ్‌రూముల కిటికీలు నాలుగడుగులు చాలేలా లేవు, ఐదడుగులు చేసెయ్యండి" అన్నారు. అప్పట్లో మా ఆఫీసులో అంతా ఆటోక్యాడ్‌లోనే, ఒక్కో బొమ్మా విడివిడిగా గీసేవాళ్లం. ప్లాన్‌లో మార్చాను, ఎలివేషన్‌లో మార్చాను, సెక్షన్‌లో మార్చాను. వడ్రంగికి ఇచ్చే తలుపులు, కిటికీల పట్టికలో మాత్రం రెండో అంతస్తు పడమటి గది కిటికీ ఒక్కటి నాలుగడుగులుగానే ఉండిపోయింది. మేస్త్రీ ప్లాన్ చూసి ఐదడుగులు వదిలి గోడ కట్టాడు. వడ్రంగి పట్టిక చూసి నాలుగడుగులకు టేకు కోశాడు. ఫ్రేము తెచ్చి నిలబెట్టిన రోజున అందరం అక్కడే ఉన్నాం. మా సార్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కొత్త ఫ్రేము ఖర్చు ఆఫీసే పెట్టుకుంది. ఆయన అనకపోవడం వల్లనే నాకు ఇంకా ఎక్కువ బాధేసింది.

నాన్న గుంటూరులో ముప్పై ఐదేళ్లు వడ్రంగం చేశారు. ఆయన చేసిన ఏ కిటికీ గోడలో ఇమడకుండా వెనక్కి రాలేదు. ఆ సంగతి మనసులో పెట్టుకునే రెవిట్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇంటిని మొత్తంగా ఒక త్రీడీ మోడల్‌గా తయారుచేసే సాఫ్ట్‌వేర్ అది. ఇప్పటికి ఎనిమిది నెలలు. రెవిట్ మొత్తం గురించి రాసేంత అనుభవం నాకు రాలేదు. అందులో ఫ్యామిలీ ఎడిటర్ అనే భాగం గురించే రాస్తున్నాను. కిటికీ, తలుపు, వెంటిలేటర్ లాంటి వస్తువులను, కొలత మారిస్తే ఆకారం తనంతట తాను సర్దుకునేలా మనమే తయారుచేసుకునే చోటు అది. మన వైపు చిన్న ఆఫీసుల్లో రెవిట్ ఉన్నవాళ్లు కూడా చాలామంది దీన్ని తెరవరు. అంతో ఇంతో సరిపోయే రెడీమేడ్ కిటికీని తెచ్చి పెట్టేసుకుంటారు. అలా చేస్తే రెవిట్ వాడుతున్నా సగం లాభం వదులుకున్నట్టేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

రెవిట్ మొదటి వెర్షన్ 2000లో వచ్చింది. దాన్ని తయారుచేసిన కంపెనీని 2002లో, ఆటోక్యాడ్ చేసే ఆటోడెస్క్ కొనుక్కుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లో గోడలు, స్లాబుల్లాంటివి తప్ప మిగతా వస్తువులు చాలావరకు ఫ్యామిలీలుగా బయటి నుంచి వచ్చి చేరతాయి. "రెండు రెక్కల టేకు కిటికీ" అనేది ఒక ఫ్యామిలీ. అందులో నాలుగు బై నాలుగు ఒక టైపు, ఐదు బై నాలుగు ఇంకో టైపు. పడమటి గది గోడలో కూర్చున్న ఆ ఒక్క కిటికీ ఒక ఇన్‌స్టెన్స్. టైపు కొలత మారిస్తే ఆ టైపు కిటికీలు ఎన్నుంటే అన్నీ మారతాయి. ప్లాన్, ఎలివేషన్, సెక్షన్, షెడ్యూల్ (వడ్రంగికిచ్చే పట్టిక) ఒకే మోడల్‌లోంచి వస్తాయి కాబట్టి నాలుగూ ఒకే మాట చెబుతాయి. కానూరు ఇంట్లో నేను చేసిన తప్పు ఇక్కడ జరగడానికి దారే లేదు.

మొదటి కిటికీ చేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది, అదీ సాయంత్రాలు ఆఫీసు పని అయ్యాక. ఇప్పుడు అలాంటిది గంటన్నరలో చేస్తాను. ఆ పదకొండు రోజులూ ఎక్కడ ఖర్చయ్యాయో చెబితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుంది.

మొదటి తప్పు టెంప్లేట్ దగ్గరే. కొత్త ఫ్యామిలీ తెరవగానే ఏ టెంప్లేట్, అంటే ఏ నమూనా ఫైలుతో మొదలుపెట్టాలో అడుగుతుంది. నేను జెనరిక్ మోడల్ తీసుకున్నాను. పేరు చూస్తే అన్నిటికీ పనికొచ్చేలా అనిపించింది. ఫ్రేము, రెక్కలు అన్నీ గీసి, కేటగిరీని విండోస్‌గా మార్చి, ప్రాజెక్టులోకి తెచ్చి గోడ దగ్గర పెట్టాను. కిటికీ గోడలో మునిగిపోయింది గానీ గోడకు రంధ్రం పడలేదు. కేటగిరీ పేరు మార్చినంత మాత్రాన అది గోడను ఆశ్రయించే వస్తువు అయిపోదు. విండో టెంప్లేట్ తీసుకుంటే అందులో ఒక గోడ ముక్క, దానికి రంధ్రం, విడ్త్ (వెడల్పు), హైట్ (ఎత్తు) అనే పారామీటర్లు, అంటే పేరు పెట్టి మార్చుకోగల విలువలు, ముందే ఉంటాయి. గోడకు బయటి వైపు ఏదో, లోపలి వైపు ఏదో కూడా రాసి ఉంటుంది. నాలుగు రోజుల పని పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

రెండో తప్పు ఇంకా పెద్దది, చాలామంది చేసేది కూడా. ఫ్రేమును ముందు గీసి, గీసిన గీతలకే కొలతలు పెట్టి, ఆ కొలతలకు విడ్త్ అని పేరు తగిలించాను. నాలుగడుగుల దగ్గర బ్రహ్మాండంగా ఉంది. ఐదని కొట్టగానే కుడివైపు చెక్క కదిలింది, ఎడమవైపుది కదల్లేదు, రెక్క ఒకటి ఫ్రేము దాటి బయటికి వచ్చింది. మూడని కొడితే "కన్‌స్ట్రెయింట్స్ ఆర్ నాట్ శాటిస్‌ఫైడ్" అని ఎర్రర్ వచ్చింది. ఏ కట్టు ఎక్కడ తెగిందో ఆ మాటలో ఏమీ తెలియదు.

ఇక్కడే నాన్న పని గుర్తొచ్చింది. ఆయన రంపం పట్టుకునే ముందు చెక్క మీద పెన్సిల్‌తో, మూలమట్టంతో గీతలు గీసేవారు. నాలుగు నిలువు చెక్కలు పక్కపక్కన పెట్టి ఒకే గీత నాలుగింటి మీదుగా లాగేవారు. తర్వాత కోతైనా, గాడైనా, బెజ్జమైనా ఆ గీతను చూసే. రెవిట్‌లో రిఫరెన్స్ ప్లేన్ అంటే సరిగ్గా ఆ పెన్సిల్ గీతే. ముందు ఖాళీ చోట రిఫరెన్స్ ప్లేన్లు వేసుకోవాలి: ఎడమ అంచు, కుడి అంచు, మధ్య, ఫ్రేము లోపలి అంచులు. కొలతలు వాటి మధ్యనే పెట్టాలి. విడ్త్ అనే పేరు ఆ కొలతకే తగిలించాలి. మధ్య ప్లేన్‌కు రెండు వైపులా దూరం సమానంగా ఉండాలని ఈక్యూ గుర్తు నొక్కాలి, అప్పుడు కిటికీ ఒక పక్కకు కాకుండా రెండు పక్కలకూ సమానంగా పెరుగుతుంది. ఇదంతా అయ్యాకే చెక్క. ఎక్స్‌ట్రూజన్ (గీసిన ఆకారాన్ని సాగదీసి చేసే ఘనం) గీసి దాని అంచును ప్లేన్‌కు అలైన్ చేసి, కనిపించే చిన్న తాళం బొమ్మను మూయాలి. గీత కదిలితే చెక్క కదులుతుంది.

చెక్క గీయకముందే ఒకసారి, ఒక్కో ముక్క చేర్చిన తర్వాత ఒకసారి ఫ్లెక్స్ చేయాలి. ఫ్యామిలీ టైప్స్ డబ్బాను పక్కకు జరిపి విడ్త్ మూడు, ఐదు, ఆరు అని మారుస్తూ అప్లై నొక్కి చూడటమే ఫ్లెక్స్. అన్నీ అయ్యాక చివర్లో ఒకేసారి చూద్దామనుకుంటే ఏ ముక్క దగ్గర చెడిందో దొరకదు. ఇప్పుడు నేను ఏ రెండు ముక్కల మధ్యనైనా మూడు కొలతలు కొట్టి చూడనిదే ముందుకు పోను. ఆ అలవాటుతో ఎర్రర్ల టెన్షన్ దాదాపు పోయింది.

ఆ తర్వాత ఫార్ములాలు. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

మన ఇళ్లకు కిటికీ మీద సజ్జ తప్పదు. సజ్జ పొడవు కిటికీ వెడల్పు కంటే రెండు వైపులా ఆరేసి అంగుళాలు ఎక్కువ పెడతాం. అందుకే సజ్జ పొడవుకు విడ్త్ ప్లస్ ఒక అడుగు అని ఫార్ములా రాశాను. నాలుగడుగుల కిటికీకి ఐదడుగుల సజ్జ, ఐదడుగులకు ఆరు. సజ్జ ముందుకు వచ్చే కొలతను మాత్రం ఇన్‌స్టెన్స్ పారామీటర్‌గా పెట్టాను. ఎందుకంటే ఒకే టైపు కిటికీ తూర్పున ఒకటి, పడమట ఒకటి ఉంటాయి. బెజవాడ మే నెల మధ్యాహ్నం పడమటి గదిలో కూర్చున్నవాళ్లెవరైనా ఆ రెండూ ఒకటి కాదని చెబుతారు. తూర్పు కిటికీకి అడుగున్నర చాలు. పడమటిదాన్ని ఎంచుకుని దానికొక్కదానికే రెండడుగులు చేస్తాను. మిగతావి కదలవు.

టైపా, ఇన్‌స్టెన్సా అన్న ఈ నిర్ణయం బటన్ నొక్కినంత తేలిగ్గా కనిపిస్తుంది గానీ, ఇల్లు ఎలా కడతారో తెలియకుండా తీసుకోలేం. మొదట్లో నేను విడ్త్‌ను ఇన్‌స్టెన్స్‌గా మార్చాను, ఏ కిటికీని ఆ కిటికీ సాగదీసుకోవచ్చని. వారం తిరక్కుండా ఒకే ఇంట్లో నాలుగడుగులు, నాలుగడుగుల అరంగుళం, నాలుగడుగుల ఒక అంగుళం కిటికీలు తయారయ్యాయి. వడ్రంగి వరసగా ఒకే కొలతకు కోసుకునే వస్తువు టైపు పారామీటర్‌గానే ఉండాలి. సైటును బట్టి ఒక్కోచోట ఒక్కోలా మారేదే ఇన్‌స్టెన్స్. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. టైపు పారామీటర్ ఫార్ములాలో ఇన్‌స్టెన్స్ పారామీటర్‌ను వాడనివ్వదు. అందుకే ఈ విభజన మొదటే ఆలోచించుకోవాలి.

గ్రిల్ చువ్వల దగ్గర రెండు సాయంత్రాలు పట్టింది. చువ్వల మధ్య నాలుగు అంగుళాలకు మించి ఖాళీ ఉండకూడదు, కిటికీ ఎంత పెరిగితే చువ్వలు అన్ని చేరాలి. నా ఫ్రేము చెక్క ముఖం మూడు అంగుళాలు. నాలుగడుగుల కిటికీలో రెండు వైపులా పోగా లోపల నలభై రెండు అంగుళాలు మిగులుతాయి. దాన్ని నాలుగుతో భాగిస్తే పదిన్నర. రౌండప్ వాడితే పదకొండు ఖాళీలు, అంటే పది చువ్వలు. ఐదడుగులకు లోపల యాభై నాలుగు, పదమూడున్నర, పద్నాలుగు ఖాళీలు, పదమూడు చువ్వలు. ఫార్ములా మాటల్లో: లోపలి వెడల్పును నాలుగు అంగుళాలతో భాగించి, పైకి సరిచేసి, ఒకటి తీసెయ్యడం. ఒక చువ్వ గీసి, దాన్నే వరసగా పరిచే అర్రే కొట్టి, మొదటి చువ్వను, చివరి చువ్వను రెండు ప్లేన్లకు తాళం వేసి, అర్రే సంఖ్యకు ఈ పారామీటర్ తగిలించాను. విడ్త్ మూడని కొట్టాను, ఏడు చువ్వలు. ఐదని కొట్టాను, పదమూడు. లెక్క కాగితం మీద వేసుకున్నదానితో సరిపోయింది. ఆ రాత్రి ఇంటికి వెళ్లేటప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ఆటోనగర్‌లో మాకు గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపతనికి ఇప్పుడు చువ్వల సంఖ్య లెక్క కట్టి ఇచ్చే పని లేదు, షెడ్యూల్‌లోనే వస్తుంది.

షెడ్యూల్‌లో రావాలంటే ఒక మెలిక ఉంది. మనం ఫ్యామిలీలో కొత్తగా చేసుకున్న మామూలు పారామీటర్ ప్రాజెక్టు షెడ్యూల్‌లో కనిపించదు. దాన్ని షేర్డ్ పారామీటర్‌గా చేయాలి. ఈ షేర్డ్ పారామీటర్లు ఒక టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. ఆ ఫైలు ఆఫీసు మొత్తానికి ఒకటే ఉండాలి, అందరికీ అందే ఫోల్డర్‌లో ఉండాలి. ఒక్కొక్కరూ తలా ఒకటి చేసుకుంటే, పేర్లు ఒకటే అయినా రెవిట్‌కు అవి వేరే వేరే పారామీటర్లే.

ఫార్ములాల్లో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు చూసుకోవాలి. పారామీటర్ పేరులో మైనస్ గుర్తు పెట్టొద్దు, దాన్ని తీసివేతగా చదివే ప్రమాదముంది. పొడవుకు అంకె కలిపేటప్పుడు అడుగు గుర్తో అంగుళం గుర్తో పెట్టడం మేలు. అడుగులు, అంగుళాల ప్రాజెక్టులో నాలుగు, ఖాళీ, ఆరు అని కొడితే నాలుగడుగుల ఆరంగుళాలుగా తీసుకుంటుంది. మేస్త్రీలతో రోజంతా అడుగుల్లో మాట్లాడే మనకు ఇది చాలా హాయి.

పోయిన దసరాకు నాన్న గుంటూరు నుంచి వచ్చారు. ల్యాప్‌టాప్‌లో ఈ కిటికీని తిప్పి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "బాగుందమ్మా. బయటి రెక్క బయటికి తెరుచుకుంటుంది, మధ్యలో గ్రిల్, సరే. దోమల మెష్ రెక్క ఏదీ?" అన్నారు.

"అందరూ పెట్టించుకోరు గదా నాన్నా. కావాలంటే తర్వాత చేరుస్తాను" అన్నాను.

"తర్వాత ఎట్లా చేరుస్తావ్? నువ్వు పెట్టింది నాలుగంగుళాల ఫ్రేము. బయటి రెక్కకు గాడి, మధ్యలో గ్రిల్, లోపలి రెక్కకు ఇంకో గాడి. నాలుగంగుళాల్లో ఎక్కడ సరిపోద్ది? మెష్ కావాలంటే ఐదంగుళాల కర్ర కోయించాలి. ముందే అడగాల, కర్ర కోసినాక కాదు" అన్నారు.

ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పని మాట అది. ఆయన ఎదురుగానే కూర్చుని మెష్ అనే ఎస్ ఆర్ నో పారామీటర్ ఒకటి చేశాను. ఫ్రేము లోతుకు ఇఫ్ ఫార్ములా రాశాను: మెష్ ఉంటే ఐదు అంగుళాలు, లేకపోతే నాలుగు. లోపలి రెక్క విజిబిలిటీని కూడా ఆ మెష్‌కే కట్టాను. టిక్ పెడితే ఫ్రేము లావెక్కి లోపలి రెక్క వచ్చింది. టిక్ తీస్తే సన్నబడి రెక్క పోయింది. నాన్న నాలుగైదు సార్లు నా చేత టిక్ పెట్టించి, తీయించి చూశారు. "అడితిలో కర్ర ఎంత పడుద్దో కూడా చెబుతుందా ఇది?" అని అడిగారు. చెబుతుంది. ఫ్రేము పొడవులు కలిపి అడ్డుకోత వైశాల్యంతో గుణించే ఫార్ములా రాస్తే కర్ర ఘనపుటడుగులు షెడ్యూల్‌లో వస్తాయి. కోతలో పోయే తరుగు మనం కలుపుకోవాలి. ఆ పని మర్నాడు చేశాను.

ఇంకో ఉపయోగం నేను మొదట అనుకోనిది. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో గదికి గాలి, వెలుతురు వచ్చే తెరపి ఎంత ఉండాలో ఉంది. పొడి వేడి ప్రాంతాలకు నేల వైశాల్యంలో పదో వంతు. వేడీ తేమా కలిసిన ప్రాంతాలకు ఆరో వంతు. మనది రెండోది. ఆ లెక్కలో తలుపులు చేరవు, కిటికీ ఫ్రేము చేరుతుంది. మన దగ్గర మామూలుగా వేసే పన్నెండు బై పదకొండు బెడ్‌రూము నూట ముప్పై రెండు చదరపు అడుగులు. అందులో ఆరో వంతు ఇరవై రెండు. నాలుగు బై నాలుగు కిటికీ ఒక్కటి పెడితే పదహారే. ఐదు బై నాలుగు పెట్టినా ఇరవై. ఐదు బై నాలుగున్నర అయితే ఇరవై రెండున్నర, అప్పటికి కుదురుతుంది. కిటికీల షెడ్యూల్‌లోనే విడ్త్‌ను హైట్‌తో గుణించే ఒక కాలమ్ పెట్టుకుంటే చాలు, దీనికి షేర్డ్ పారామీటర్ కూడా అక్కర్లేదు. ఈ లెక్క చూశాక కానూరు ఇంటావిడ అడిగింది ఎంత న్యాయమో అర్థమైంది. ఆవిడకు ఆరో వంతు సంగతి తెలియకపోవచ్చు. ఆ గదిలో ఉక్క ఎలా ఉంటుందో మాత్రం తెలుసు.

ప్లాన్‌లో కనబడే తీరు మీద కూడా కాస్త శ్రద్ధ పెట్టాలి. రెక్క, గాడి, చువ్వ అన్నీ ప్లాన్‌లో యథాతథంగా వస్తే ప్రింటులో నల్లటి ముద్దలా కనిపిస్తుంది. విజిబిలిటీ సెట్టింగ్స్‌లో ఘనాకారాలను ప్లాన్ వరకు ఆపేసి, సింబాలిక్ లైన్స్‌తో మనం మామూలుగా గీసే కిటికీ గుర్తునే గీసుకోవచ్చు. వాటిని కూడా ప్లేన్లకు కట్టాలి, లేకపోతే కిటికీ పెరిగినా గుర్తు పెరగదు.

ఇక లోటుపాట్లు. నేర్చుకోవడం కష్టం, అందులో దాపరికం లేదు. ఎర్రర్ మెసేజ్‌లు ఏం చెడిందో చెబుతాయి గానీ ఎక్కడ చెడిందో చెప్పవు. ఫ్యామిలీ పెద్దదయ్యే కొద్దీ ఈ కష్టం పెరుగుతుంది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫ్యామిలీ పాత వెర్షన్‌లో తెరుచుకోదు, వెనక్కి మార్చి సేవ్ చేసే వీలూ లేదు. అందుకని మనతో పనిచేసే స్ట్రక్చరల్ ఇంజినీరు ఏ వెర్షన్ వాడుతున్నారో ముందే అడిగి, అందులోనే చేసుకోవాలి. నేను నా ఫ్యామిలీలన్నీ మా జట్టులో అందరికంటే పాత వెర్షన్‌లో ఉంచుతాను. రెవిట్ విండోస్ కంప్యూటర్ల మీద మాత్రమే నడుస్తుంది. అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఖరీదు. 2016లో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి చందా పద్ధతికి మారారు. ముగ్గురు, నలుగురు పనిచేసే ఆఫీసుకు ఏటా కట్టే ఆ చందా భారమే. మా ఆఫీసులో ఒక్కటే లైసెన్సు ఉంది. నేను, ఇంకో అబ్బాయి పూటలు పంచుకుని వాడుతున్నాం. చదువుకునే పిల్లలకు ఉచితంగా ఇస్తారు, జీతానికి చేసే పనికి ఆ లైసెన్సు వాడకూడదు. ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ చదువుతున్నవాళ్లు ఆ ఏడాది రెండేళ్లలోనే ఫ్యామిలీ ఎడిటర్ నేర్చేసుకోవాలని నా మనవి.

డబ్బు పెట్టలేనివాళ్లు ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ చూడండి. పూర్తిగా ఉచితం, ఆఫీసు పనికి కూడా. లైనక్స్ మీద కూడా నడుస్తుంది. దాని 1.0 వెర్షన్ 2024 నవంబరులో వచ్చింది. అందులో భవనాల పనికి వాడే బిమ్ వర్క్‌బెంచ్ కలిసే వస్తుంది. స్కెచ్‌లో కొలతలకు పేర్లు పెట్టి, వాటిని లోపలే ఉన్న స్ప్రెడ్‌షీట్ గళ్లకు కట్టొచ్చు. గడిలో నాలుగును ఐదు చేస్తే ఫ్రేము ఐదవుతుంది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో అదే కిటికీని ఇందులో చేసి చూశాను. ఫ్రేము, రెక్కలు, చువ్వల లెక్క అన్నీ కుదిరాయి. కానీ గోడలో పెట్టడం, షెడ్యూల్ తీయడం, షీటు మీద అచ్చుకు సిద్ధం చేయడం రెవిట్‌లో అయినంత చకచకా నాకు కాలేదు. కొలత మారిస్తే ఆకారం మారేలా చేసే పారామెట్రిక్ ఆలోచన నేర్చుకోవడానికి మాత్రం ఏ లోటూ లేదు. అక్కడ నేర్చుకున్నది రెవిట్‌లో వృథా పోదు.

ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత ఫ్యామిలీల గురించి ఒక మాట. ఒకసారి ఒక సైటు నుంచి అందమైన అల్యూమినియం స్లైడింగ్ కిటికీ దించుకున్నాను. స్క్రూలు, రబ్బరు పట్టీలతో సహా గీశారు. ఇరవై నాలుగు కిటికీలు పెట్టేసరికి మా కంప్యూటరు కదల్లేదు. పైగా వెడల్పు మారితే ట్రాకు మారలేదు. దించుకున్న దేన్నయినా ప్రాజెక్టులో పెట్టే ముందు ఎడిటర్‌లో తెరిచి ఫ్లెక్స్ చేసి చూడండి. మన ఇళ్లకు కావలసిన సజ్జ, చువ్వలు, మెష్ రెక్క ఉన్న కిటికీ దొరకడం ఎలాగూ అరుదే, కాబట్టి చేసుకోవడమే మేలు.

నా మార్కులు ఐదుకు నాలుగు. ఆ ఒక్కటి తగ్గించింది ఖరీదుకూ ఎర్రర్ మెసేజ్‌లకూ. ఏడాదికి రెండు మూడు ఇళ్లు మాత్రమే గీసేవాళ్లకు చందా గిట్టకపోవచ్చు. నెలకో ఇల్లు గీసే ఆఫీసుకు మాత్రం కిటికీ, తలుపు, వెంటిలేటర్, ఈ మూడు ఫ్యామిలీలు సొంతంగా ఉంటే చాలా తేడా తెలుస్తుంది. మా ఆఫీసులో ఈ ఎనిమిది నెలల్లో ఆరు ఇళ్లు ఇలా వెళ్లాయి. ఒక్క ఫ్రేము కూడా వెనక్కి రాలేదు.

ఇప్పుడు సింహద్వారం మీద పనిచేస్తున్నాను. గడప ఎత్తు, పైన వెంటిలేటర్ ఉందో లేదో, ఒంటి రెక్కా జంట రెక్కలా అన్నవి పారామీటర్లుగా పెట్టాను. గడప దగ్గర ఫ్లోరింగ్ టైలు మందం ఎలా కలపాలో నాకు తేలలేదు. నాన్నకు ఫోన్ చేస్తే, "రేపు పొద్దున బస్సుకు వస్తాను, గీతలు తీసి ఉంచు" అన్నారు.